లేవనెత్తు సేవ

కాలుసేతులు ఆడుచుండగనే, ఒకరిచేత చేయించుకొనకుండ కన్నుమూయవలెనని మన ఇండ్లలో వృద్ధులు కోరుకొనుట మనమెల్లరము వినియున్నాము. వారు ధనము కోరరు, దీర్ఘాయువును కోరరు, ఈ యొక్కటి మాత్రము దేవుని ముందు చేతులు జోడించి కోరుదురు. మరణమునకు భయపడనివారును మంచమునకు భయపడుదురు. ఈ కోరికలో పిరికితనము లేదు. మనుష్యునకు ప్రాణమెంత ప్రియమో, తన పనిని తాను చేసికొనుటయు అంత ప్రియమని ఆ వృద్ధుల మాట మనకు తెలుపుచున్నది.

అట్లయినచో వైద్యుని ధర్మమెంతవరకు? ప్రాణము నిలుపుటతో అది ముగియునా? ప్రాణము నిలిచిన పిమ్మట ఆ రోగి లేచి కూర్చుండుట, నిలుచుట, తన చేతితో తాను అన్నము తినుట, తన ఇంటిలో తాను తిరుగుట, ఇవన్నియు వైద్యుని ధర్మములో చేరునా? లేక రోగి అదృష్టమునకును బంధువుల ఓపికకును విడిచిపెట్టదగినవా? ఇది వైద్యశాస్త్రమునకు మాత్రమే చెందిన ప్రశ్నవలె పైకి తోచును. విచారించి చూచినచో, సేవ యననేమి యను ప్రశ్నయే ఇది. రోగులను చూచు వైద్యునకే కాక, తల్లిదండ్రులకు పరిచర్య చేయు ప్రతి గృహస్థునకును దీనితో పని కలదు.

ఒక మాట, దాని అర్థము

జబ్బుచేతగాని, ప్రమాదముచేతగాని శక్తి యుడిగినవారిని తిరిగి జీవనమునకు సమర్థులను చేయు వైద్యశాఖను మనము పునరావాస వైద్యమని పిలుచుచున్నాము. తెలుగువానికి పునరావాసమనగానే రోగి తలపునకు రాడు. వరదలలో ఇల్లు పోయినవారును, ప్రాజెక్టు క్రింద ఊరు మునిగినవారును తలపునకు వత్తురు. ఈ మాట రోగికి తగదని కొందరందురు. నాకు మాత్రము ఇంతకంటె తగిన మాట లేదని తోచుచున్నది.

దేహమును తొమ్మిది ద్వారములుగల పురముగాను, జీవుని అందు నివసించువానిగాను గీత చెప్పుచున్నది. పక్షవాతము వచ్చినవాడు ఆ పురములోనే యుండియు సగము పురమునుండి వెడలగొట్టబడినవాడు. అతని చేయి అతని ప్రక్కనే యున్నది. కాని అతని మాట వినదు. వెన్నెముక విరిగినవాడు నడుమునుండి దిగువకు పరదేశి. వీరు తమ దేహమునుండియే నిర్వాసితులు. వీరిని తిరిగి తమ పురమున నిలుపుట పునరావాసము కాక మరేమి?

ఈ మాటకు ఢిల్లీ నగరము మంచి వ్యాఖ్యానము. 1947లో దేశవిభజన జరిగినపుడు పశ్చిమ పంజాబు, సింధు, వాయువ్య సరిహద్దు రాష్ట్రములనుండి లక్షలకొలది జనము ఈ ప్రాంతమునకు చేరిరి. కింగ్స్‌వే శిబిరములో గుడారములు వెలసినవి. శిబిరములో రొట్టె పెట్టిరి, కంబళి యిచ్చిరి. అది ప్రాణరక్షణ. అది లేకున్న వారు బ్రదుకరు. కాని ఆ రొట్టెతోనే పని ముగిసియుండినచో ఆ జనము నేటికిని శిబిరవాసులుగనే యుండెడివారు. లాజ్‌పత్‌నగర్, రాజేంద్రనగర్, పటేల్‌నగర్ వంటి పేటలు లేచినవి. వారు అంగళ్ళు తెరచిరి. ఢిల్లీకి దక్షిణమున ఫరీదాబాదులో సరిహద్దు రాష్ట్రమునుండి వచ్చినవారు తమ ఇండ్లను తమ చేతులతోనే కట్టుకొనిరి. రొట్టె తినుచున్న చేయి ఇటుక పట్టిననాడు వారు శరణార్థులు కాక పౌరులైరి.

ఆసుపత్రి మంచమును ఒక శిబిరమే. అది లేకున్న రోగి బ్రదుకడు. అందే యుండిపోయినచో బ్రదికియు బ్రదుకడు.

ఒక ఇంటిలో జరిగినది

నేను చూచిన సంగతి నొకదానిని ఇట చెప్పెదను. కేంద్రప్రభుత్వపు కార్యాలయములో జీవితమంతయు పనిచేసి విశ్రాంతి తీసికొనిన గోదావరిజిల్లా పెద్దమనిషి యొకరు కరోల్‌బాగ్‌లో మూడవ అంతస్తున నివసించుచున్నారు. నాకు బాబాయి వరుస. ఒకనాటి తెల్లవారుజామున ఆయనకు ఎడమకాలు, ఎడమచేయి పడిపోయినవి. ఆసుపత్రికి వెంటనే చేర్చిరి. అచటి వైద్యులు రాత్రింబగళ్ళు శ్రమించి ఆయన ప్రాణమును కాపాడిరి. వారి నైపుణ్యమును, శ్రద్ధను నేను కన్నులార చూచితిని. వారికి చేతులెత్తి నమస్కరింపవలసినదే. పండ్రెండవ దినమున ఇంటికి పంపిరి. మందుల చీటి చివర విశ్రాంతి అని వ్రాసిరి.

పిన్నిగారు ఆ ఒక్క మాటను వేదవాక్యముగా గైకొనిరి. ఆయనను పండుకొనిన చోటునుండి కదపనీయలేదు. ఆయన కుడిచేయి నిక్షేపమువలె నుండెను. ఐనను అన్నము కలిపి నోటికందించుచుండిరి. “నేనుండగా ఆయన చేయి కదలవలసినంత కర్మమేమి నాయనా!” అని ఆమె నాతో ననిరి. ఆమె ప్రేమను శంకించువాడు పాపి. మూడు వారములు గడచుసరికి ఆయన నడుము క్రింద పుండు పడెను. ఎడమభుజము బిగిసిపోయెను. అన్నిటికంటె దుఃఖకరమైనది, ఆయన మాటాడుట మానివేసిరి. నాలుక బాగుగనే యున్నది. అడుగవలసినది, చెప్పవలసినది లేకపోయినది.

పుండును చూపుటకు మరల ఆసుపత్రికి కొనిపోయినపుడు మాకొక సంగతి తెలిసెను. ఆయన పండుకొనియుండిన వార్డునకు రెండంతస్తుల క్రిందనే పునరావాస విభాగము కలదు. అందు వైద్యులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు, చక్రాల కుర్చీలున్నవి, నడకకు ఊతగా పట్టుకొను జంట కడ్డీలున్నవి. ఆ పండ్రెండు దినములలో అచటికి పంపుచు ఒక్క చీటి నెవరును వ్రాయలేదు. ఎందుచేతనని వార్డులోని యువవైద్యునడిగితిని. ఆతడు నొచ్చుకొని, దాచకుండ నిజము చెప్పెను: “ఆ విభాగమేమి చేయునో మాకెవరును సరిగా చెప్పలేదు. నడువగలిగిన తరువాత పంపవలెననుకొంటిమి.”

ఆ మాటలో నాకు కోపము రాలేదు, భయము వేసెను. నడువలేనివానిని నడిపించుటకై యున్న చోటికి, నడువగలిగిన తరువాత పంపవలెననుకొనుట! ఇది ఆ యువకుని దోషము కాదు. ఆతనికి చెప్పనివారి దోషము. ఆ ఆసుపత్రి పేరుతో మనకు పనిలేదు. ఇట్టిది ఒకచోటనే జరుగునని యెవరు చెప్పగలరు?

పడక యొక్క అపాయము

పడుకొనుట హానిలేని పని యని లోకము నమ్మిక. మందునకు దోషమున్నది, శస్త్రచికిత్సకు దోషమున్నది; పడకకు దోషమేమి యని అందరు తలతురు. 1947లోనే రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు పడకవలన కలుగు అపాయములను గూర్చి బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసి తోడి వైద్యులను హెచ్చరించెను. కదలని కాలిలో నెత్తురు గడ్డకట్టును. ఊపిరితిత్తుల అడుగున కఫము నిలిచి జ్వరమునకు దారితీయును. ఎముకలు సున్నమును కోల్పోవును. కీళ్ళు బిగియును. ఎముకకును పడకకును నడుమ నలిగిన చర్మము కుళ్ళును. ఏ ఒక్కటియు మొదటి జబ్బు కాదు; అన్నియు పడక పెట్టినవే.

1966లో అమెరికాలోని డల్లాస్ నగరమున ఒక పరీక్ష జరిగెను. ఇరువది యేండ్ల ప్రాయముగల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారములు మంచముమీదనే యుంచి, వారి దేహశక్తి ఎంత తగ్గెనో కొలిచిరి. ముప్పది సంవత్సరముల తరువాత ఆ ఐదుగురినే మరల పరీక్షించిరి. ముప్పదియేండ్ల వయస్సు హరించిన శక్తికంటె, నాటి మూడు వారముల పడక హరించిన శక్తియే ఎక్కువగా నుండెను. యువకుల మాట ఇది. ఎనుబది యేండ్ల వృద్ధుని సంగతి పాఠకులే ఊహింపవచ్చును.

వెన్నెముక విరిగినవారి కథ ఇంకను గొప్ప పాఠము. రెండవ ప్రపంచయుద్ధము వరకు అట్టివారిపై వైద్యులు ఆశ వదలుకొనెడివారు. పుండ్లతోను మూత్రకోశ వ్యాధులతోను వారిలో పెక్కురు అనతికాలములోనే మరణించెడివారు. జర్మనీలో యూదులపై జరిగిన హింసనుండి తప్పించుకొని ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వీరికొక విభాగము తెరచెను. ఆయన చేసిన మొదటి పని మిగుల సామాన్యమైనది. రెండు గంటలకొకసారి రోగిని ప్రక్కకు త్రిప్పవలెను, పగలైనను రాత్రియైనను. తరువాత కూర్చుండబెట్టెను, చేతికి పని యిచ్చెను, 1948లో చక్రాల కుర్చీలపై కూర్చున్న రోగులచేత విలువిద్య పోటీలు జరిపించెను. చావునకు ఎదురుచూచుచున్న వార్డు జీవించుటకు నేర్చుకొను పాఠశాల యైనది.

ఐనను ఒక హెచ్చరిక కలదు. కదలిక మంచిదని విని, అందరిని ఒక్కసారిగా లేపి నడిపింపరాదు. పక్షవాత రోగులలో రెండువేలమందికి పైగా ఐదు దేశములలో పరీక్షింపబడిరి. 2015లో దాని ఫలితము వెలువడెను. మొదటి ఇరువదినాలుగు గంటలలోనే లేపి ఎక్కువగా కదల్చినవారికి, మెల్లగా కదల్చినవారికంటె మేలు తక్కువగా నుండెను. కదలికయు ఔషధమే, ఔషధమునకు మోతాదు కలదు. అతిని విడిచి యుక్తమును పట్టుకొనుమను మన పెద్దల ఉపదేశము భోజన నిద్రలకు వలెనే దీనికిని వర్తించును. ఎవరిని ఎప్పుడు ఎంత లేపవలెనో తెలియుటకే విద్య కావలెను. ఆ విద్య వైద్యునకు నేర్పవలెనని చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చికిత్సకు నాలుగు పాదములు

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములను విధించినది. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. పరిచారకుడు వైద్యునకు కూలివాడు కాడు. ఉపచారము తెలిసిన సమర్థుడు, వైద్యునితోపాటు ఒక పాదము. రోగియు పడియుండు వస్తువు కాడు. అతడును చికిత్సకు ఒక పాదమే. తన బాధను చెప్పగలవాడై, ధైర్యము కలవాడై అతడు చికిత్సలో పాలుగొనవలెను. మంచమునకు నాలుగు కోళ్ళు వలె చికిత్సకు నాలుగు పాదములు. ఔషధమను కోడు ఒక్కటియే పెంచి తక్కినవానిని కత్తిరించినచో ఆ మంచము నిలుచునా?

వేదములో అశ్వినీదేవతలు దివ్యవైద్యులు. యుద్ధమున కాలు తెగిన విశ్పలకు వారు ఇనుప కాలు అమర్చిరని ఋగ్వేదము చెప్పుచున్నది. నెత్తురు ఆపి, పుండు మాన్పి వెడలిపోయినచో వారిని ఎవరును తప్పుపట్టియుండరు. కాని ఆమె తిరిగి కదలవలెనని, తన కార్యమునకు తాను పోవలెనని వారు కోరిరి. ఇదియే వైద్యుని రెండవ ధర్మము. మొదటిది బ్రదికించుట, రెండవది బ్రదుకునకు తిరిగి అప్పగించుట.

ఈ రెండవ ధర్మమును నేర్చుటకు మన వైద్యవిద్యార్థికి దొరకు కాలమెంత? వైద్యవిద్య ముగిసిన పిమ్మట ఆసుపత్రిలో ఒక యేడాది శిక్షణ పొందవలెను. అందు ఎముకల వైద్యమునకును, పునరావాస వైద్యమునకును కలిపి నియమావళి రెండు వారములు కేటాయించినది. ఆ రెండు వారములలో విరిగిన ఎముకల సందడిలో రెండవది మరుగునపడుటలో వింత లేదు. దేశములో కదలికకు సంబంధించిన వైకల్యము గలవారు ఏబదినాలుగు లక్షలకు పైగా నున్నారని 2011 జనాభా లెక్కలు తెలిపినవి. పునరావాస చికిత్సవలన మేలు పొందదగిన స్థితిలో ప్రపంచమున 240 కోట్లమంది యున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఇంతటి అవసరమునకు అంత స్వల్పకాలము!

మంచి ప్రయత్నములు జరుగకపోలేదు. బొంబాయిలో హాజీ అలీ వద్ద అఖిల భారత పునరావాస వైద్యసంస్థ 1955లో వెలసెను. ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందును, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియందును ఈ శాఖకు ప్రత్యేక విభాగములున్నవి. తానే పోలియో బారినపడి వైద్యుడైన సతేంద్ర సింగ్ ఢిల్లీలోని యూనివర్సిటీ కాలేజి ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ఆచార్యులుగా నుండి, వికలాంగుల హక్కులను, వారితో మెలగు మర్యాదను వైద్యవిద్యార్థులకు నేర్పవలెనని పోరాడిరి. ఆ కృషి ఫలితముగా 2019లో ప్రవేశ తరగతులలో అట్టి పాఠములు చేర్చబడినవి.

పాఠము చేరినంతమాత్రమున మనస్సు మారదు. పెద్ద ఆసుపత్రిలోని ప్రతి వైద్యుడును, హృదయమును చూచువాడైనను, మూత్రపిండములను చూచువాడైనను, నాలుగు అలవాట్లు చేసికొనవలెను. ఉదయము రోగిని చూచునపుడు నాడిని, నెత్తురుపోటును అడిగినట్లే, ఇతడు నిన్న ఎంత కదలెను, నేడు ఎంత కదలవచ్చును అని అడుగుట మొదటిది. పునరావాస విభాగమునకు చీటిని ఇంటికి పంపునాడు కాక, రోగి నిలకడపడిన వెంటనే వ్రాయుట రెండవది. ఇంటికి కొనిపోవువారికి రోగిని ప్రక్కకు త్రిప్పుట, కూర్చుండబెట్టుట, లేపి పట్టుకొనుట తమ కన్నులముందర చేయించి నేర్పించుట మూడవది. రోగి యిల్లు ఎట్టిదని అడుగుట నాలుగవది: మెట్లెన్ని? మరుగుదొడ్డి క్రింద కూర్చుండునదా, కుర్చీవలె నుండునదా? గుమ్మములో చక్రాల కుర్చీ పట్టునా? అతడే పని చేసి బ్రదుకుచుండెను? ఈ ప్రశ్నలకు సూక్ష్మదర్శినులు అక్కరలేదు. కాని ఇవి అడుగని వైద్యుడు రోగమును మాత్రమే ఎరుగును, రోగిని ఎరుగడు.

ఇంకొక ఉపాయమును కూడ తోచుచున్నది. క్రొత్తగా చేరు వైద్యులను ఒక పూట వార్డు మంచముమీద కదలక పండుకొనుమనవలెను. దాహము వేసినపుడు ఇంకొకరు నీరిచ్చువరకు వేచియుండుమనవలెను. తన్ను అడుగకుండ ఇద్దరు వచ్చి బియ్యపు బస్తావలె ఎత్తి మరొక మంచముపై వేయగా, ఆ క్షణమున తన మనస్సు నేమనిపించెనో చూచుకొనుమనవలెను. పుస్తకములో పది పుటలు చెప్పలేని దానిని ఆ ఒక్క పూట చెప్పును.

ఎవరి భయము?

ఆసుపత్రులు రోగిని మంచముపైననే యుంచుటకు అజ్ఞానమొక్కటియే కారణము కాదు. పడిపోవునేమో యను భయము పెద్ద కారణము. రోగి నడచుచు పడినచో అందరును అడుగుదురు: ఎవరు లేపిరి? ఎందుకు లేపిరి? పండుకొనియుండి పుండు పడినను, కాలు చచ్చుబడినను, మనస్సు క్రుంగినను ఎవరు పండుకొనబెట్టిరని యెవరును అడుగరు. లేపుటలో వచ్చు అపాయము కంటికి కనబడును, దానికి బాధ్యుడు కలడు. పడుకొనబెట్టుటలో వచ్చు అపాయము మెల్లగా వచ్చును, దానికి బాధ్యుడు లేడు. కావున పడుకొనుమని చెప్పుట చెప్పువానికి సురక్షితము.

ఇచట ధర్మపరీక్ష యొకటి యున్నది. నేను ఈ రోగిని ఆపుచున్నది అతని క్షేమమునకా, నా క్షేమమునకా? వైద్యుడే కాదు, కొడుకును కోడలును ఈ ప్రశ్న వేసికొనవలెను. “నీవు లేవకు, మేము చేసెదము” అను మాటలో ప్రేమ ఎంత, తొందర ఎంత? వృద్ధుడు తానే చొక్కా తొడుగుకొనుటకు పావుగంట పట్టును. మనము తొడిగినచో ఒక నిమిషము. ఆ పదునాలుగు నిమిషములు మనకు మిగిలినవి. అతనికి మిగిలినదేమి?

వేదాంతమును అడ్డుపెట్టుకొనువారు

దేహము నశ్వరము, ఆత్మకు చలనము లేదు, కాలు కదలిననేమి, కదలకున్ననేమి యని కొందరు వాదింతురు. ఈ మాట ఎవరు ఎవరిని గూర్చి చెప్పుచున్నారో చూడవలెను. తన కాలినిగూర్చి చెప్పుకొన్నచో అది వైరాగ్యము. ఎదుటివాని కాలినిగూర్చి చెప్పినచో అది నిర్లక్ష్యము. వేదాంతపు కావిరంగు పూసికొన్నంత మాత్రమున అది వైరాగ్యము కాజాలదు. తనకు ఆకలి లేదని జ్ఞాని ఉపవసింపవచ్చును. పొరుగువాని ఆకలి మిథ్య యని చెప్పి అన్నము పెట్టనివాడు జ్ఞాని కాడు.

అతని కర్మ అట్లున్నది, మనమేమి చేయగలమని మరికొందరందురు. కర్మసిద్ధాంతము తన్ను తాను దిద్దుకొనుటకు ఏర్పడినది. ఒరుల కష్టమునకు తీర్పు చెప్పుటకు కాదు. అతడు పడుట అతని కర్మమే యనుకొందము. అతడు పడినపుడు నేను ప్రక్కన నుండుట నా కర్మము కాదా? అతని కర్మమునకు కారణము వెనుకటి జన్మలో నున్నదేమో. నా కర్తవ్యము మాత్రము ఈ నిమిషములో నున్నది.

లేవలేనివారి మాట

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న ఇది. లేచుట, నడచుట ఇంతగా పొగడినచో, ఎన్నడును లేవజాలనివాని గతి యేమి? ఎంత చికిత్స చేసినను వెన్నుపాము అతుకనివాడు, రోజురోజునకు కండరములు క్షీణించు బాలుడు, వీరు ఓడినవారా? పునరావాసమును గెలుపు ఓటముల ఆటగా చేసినచో, లేవలేనివానిపై రోగమునకు తోడు సిగ్గును కూడ మోపినవారమగుదుము.

గమనమనగా కాళ్ళతో నడచుట మాత్రమే కాదు. తాను కోరిన చోటికి చేరుట. మేజరు హరిపాల్ సింగ్ అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్టు శిఖరమెక్కిరి. ఆ సంవత్సరమే పాకిస్తానుతో జరిగిన యుద్ధములో గుండు తగిలి వెన్ను దెబ్బతినెను. ప్రపంచములో అన్నిటికంటె ఎత్తైన చోట నిలిచిన కాళ్ళు కొలది నెలలలోనే నిలువలేనివైనవి. ఆయన స్టోక్ మాండవిల్‌లో చికిత్స పొందిరి. మరల మునుపటివలె నడువలేదు. కాని చక్రాల కుర్చీనుండియే కృషిచేసి, ఢిల్లీలో వసంత్‌కుంజ్ వద్ద వెన్నెముక గాయములవారి ఆసుపత్రిని స్థాపించిరి. 2022లో కన్నుమూయువరకు తనవంటివారి సేవలోనే నిలిచిరి. ఏ శిఖరము గొప్పదో చెప్పుట కష్టము. వెల్లూరులో డాక్టరు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదమున కాళ్ళు పడిపోయిన తరువాత కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి; ఆ పిమ్మట అమెరికాలో పునరావాస వైద్యము నభ్యసించి వచ్చి, వెల్లూరులో ఆ విభాగమునకు ప్రాణము పోసిరి. తీస్ హజారీ వద్దనున్న సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి పోలియో వార్డులో, చేతులపై ప్రాకుచు జీవించినవారు శస్త్రచికిత్స పిమ్మట కాలిపర్లతోను, చంకకర్రలతోను లేచి నిలిచి, ఎదుటివాని కన్నులలోనికి సమముగా చూచిరి. దేశములో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. కాని అంతకుముందు సోకినవారు మన నడుమనే జీవించుచున్నారు.

మన తెలుగువారి కీర్తియు ఇందు కలదు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఢిల్లీలో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ మద్రాసులో పోలియో సోకిన పిల్లలకై చికిత్సాకేంద్రమును నడిపినది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానములవారి బర్డ్ ఆసుపత్రి పేరులోనే పునరావాసమను మాట చేరియున్నది.

అష్టావక్రుడు ఎనిమిది వంకరలతో జనకుని సభకు వచ్చినపుడు పండితులు నవ్విరి. లోపము ఆయన దేహములో నున్నదా, వారి చూపులో నున్నదా? నేడును అంతే. చక్రాల కుర్చీలో వచ్చినవాడు మెట్లముందు ఆగిపోయినచో, లోపము అతని కాళ్ళలో నున్నదా, మన మెట్లలో నున్నదా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రజలు వచ్చు చోటులు అందరికిని అందుబాటులో నుండవలెనని విధించినది. చట్టము చెప్పువరకు వేచియుండవలెనా? మన ఊరి గుడికి ఏటవాలు దారి కలదా యని ఈ వ్యాసము చదివినవారు ఒక్కసారి చూచి రావలెను. భగవంతుని సమక్షమునకు పోవు దారిని మెట్లతో మూసివేసి, అంతరంగమున దర్శనము చేసికొనుమని చెప్పుట సులభము.

లేచుట ముఖ్యము, కాని మనుష్యుని విలువ లేచుటలో లేదు. తల మాత్రమే త్రిప్పగలవాడు కిటికీవైపు త్రిప్పుమని కోరినపుడు, ఆ కోరికను విని మంచమును త్రిప్పుటయు పునరావాసమే. అతడింకను తన పురమునకు స్వామి యని ఒప్పుకొనుటయే దాని సారము.

అక్కరలేకుండపోవు సేవ

సేవలో రెండు విధములున్నవి. ఒకటి, సేవకుని ఎల్లప్పుడును అవసరముగా నుంచునది. రెండవది, సేవకుని మెల్లమెల్లగా అక్కరలేకుండ చేయునది. మొదటిదానిలో అహంకారమునకు తీయని ఆహారము దొరకును: నేను లేకున్న ఇతడు బ్రదుకలేడు అను తృప్తి. రెండవదానిలో ఆ తృప్తి లేదు. నేడు పట్టుకొన్న చేతిని రేపు విడువవలెను. రోగి ఒక్క అడుగు వేసినపుడు ఆ అడుగు అతనిదే, మనది కాదు. ఫలమును ఆశింపక పనిచేయుమను ఉపదేశమునకు ఇంతకంటె దైనందినమైన అభ్యాసస్థలము దొరకదు. ఇట ఫలము మెల్లగా వచ్చును, స్వల్పముగా వచ్చును, ఒక్కొక్కప్పుడు రాదు. వచ్చినదియు సేవకుని పేర రాదు.

బాబాయిగారి కథ ముగింపవలసియున్నది. ఆ పునరావాస విభాగములోని ఫిజియోథెరపిస్టు, ఇరువదియైదేండ్ల అమ్మాయి, మొదటి దినమున వ్యాయామమేమియు చేయింపలేదు. నీళ్ళగ్లాసు తెప్పించి ఆయన కుడిచేతి కిచ్చెను. పడిన ఎడమచేతిని ప్రక్కన ఆనించెను. గ్లాసు వణకెను, నీరు చొక్కాపై ఒలికెను. పిన్నిగారు తుడుచుటకు ఒక్క ఉదుటున లేచిరి. ఆ అమ్మాయి ఆమె మణికట్టును మెల్లగా పట్టుకొని, “అమ్మా, ఆయన చేయగలిగినది మీరు చేయకండి” అనెను. పిన్నిగారి కన్నులు నీళ్ళతో నిండినవి. ఊరక కూర్చుండుట ఆమె చేసిన సేవలలోకెల్ల కష్టమైనది. ఆయన నీరు త్రాగిరి. సగము ఒలికినను, తన చేతితో త్రాగిరి.

నాలుగు నెలల పిమ్మట ఒక ఆదివారము నేను ఆ మూడవ అంతస్తునకు పోయి తలుపు తట్టితిని. లోపలినుండి కర్ర చప్పుడు వినవచ్చెను. ఒక అడుగు, కర్ర, మరల అడుగు. చాలసేపు పట్టెను. పిన్నిగారు వంటయింటిలోనే యుండి రాకుండిరని తరువాత గ్రహించితిని. గడియ తీయుటకు రెండు మూడు మారులు ప్రయత్నము జరిగెను. తలుపు తెరచుకొనెను. ఎడమకాలు ఇంకను ఈడ్చుచునే యున్నది. ఎడమచేయి పూర్తిగా రాలేదు. ఆయన గోడకానుకొని నిలిచి, “రా నాయనా, లోపలికి రా” అనిరి.

తన ఇంటికి వచ్చినవానిని తానే తలుపు తీసి పిలుచుట! గృహస్థునకు ఇంతకంటె ఏమి కావలెను? ఆ తలుపు తెరచువరకు పోవుటయే వైద్యుని పని; తెరచునపుడు ప్రక్కకు తొలగుటయే సేవకుని పని. మన ఆసుపత్రులలో ఈ రెండును నేర్పబడుగాక. మన ఇండ్లలో ఈ రెండును ఆచరింపబడుగాక.